శాండీ కోఫాక్స్: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో ఉంటూ బేస్‌బాల్ అలవాటైన మనవాళ్లకు, ముఖ్యంగా లాస్ ఏంజెలిస్ వైపు ఉన్నవాళ్లకు, ఈ పేరు ఎప్పుడో ఒకప్పుడు చెవిన పడే ఉంటుంది. డాడ్జర్ స్టేడియం బయట విగ్రహం కూడా కనిపిస్తుంది. కానీ మొత్తం 12 సీజన్లు మాత్రమే ఆడి, 30 ఏళ్లకే తప్పుకున్న పిచర్ (బంతి విసిరే ఆటగాడు) గురించి ఇన్నేళ్ల తర్వాత కూడా ఎందుకు ఇంతగా మాట్లాడుకుంటారన్నది కొత్తగా ఆట చూసేవాళ్లకు అర్థం కాదు. అలాంటివాళ్ల కోసమే ఈ ప్రశ్నలు, జవాబులు.

క్లుప్తంగా చెప్పండి, ఎవరీ కోఫాక్స్?

ఎడమచేతి వాటం పిచర్. 1935 డిసెంబర్ 30న న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టాడు. 1955 నుంచి 1966 దాకా ఒకే జట్టుకు ఆడాడు. అది మొదట బ్రూక్లిన్ డాడ్జర్స్, 1958లో ఊరు మారాక లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్. 165 విజయాలు, 87 ఓటములు (మ్యాచ్ గెలుపోటములు పిచర్ ఖాతాలో రాస్తారు), 2,396 స్ట్రైక్‌ఔట్లు, 2.76 ఈఆర్‌ఏ. మూడుసార్లు ఏడాది ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు (1963, 1965, 1966), ఒకసారి నేషనల్ లీగ్ ఎంవీపీ, అంటే అత్యంత విలువైన ఆటగాడు (1963), రెండుసార్లు సీజన్ చివరి ఫైనల్ పోరైన వరల్డ్ సిరీస్‌లో ఎంవీపీ (1963, 1965). అప్పట్లో సై యంగ్ అవార్డు నేషనల్, అమెరికన్ లీగులు రెండింటికీ కలిపి ఒక్కటే ఇచ్చేవారు. ఆ ఒక్కటీ మూడుసార్లూ ఏకగ్రీవంగా ఇతనికే వచ్చింది.

నాకు క్రికెట్ మాత్రమే తెలుసు. ఈ అంకెలు ఎలా చదవాలి?

ఈఆర్‌ఏ అంటే పిచర్ తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున ఎన్ని పరుగులు ఇచ్చాడన్న లెక్క. ఫీల్డర్ల తప్పుల వల్ల వచ్చిన పరుగులు అందులోకి రావు. మూడు లోపు ఉంటే చాలా మంచిది, రెండు లోపు ఉంటే అరుదు. కోఫాక్స్ మూడు సీజన్లలో రెండు లోపు ఉంచాడు: 1963లో 1.88, 1964లో 1.74, 1966లో 1.73.

స్ట్రైక్‌ఔట్ అంటే ఫీల్డర్ల సాయం అక్కర్లేకుండా బ్యాటర్‌ను మూడు స్ట్రైక్‌లతో (కొట్టలేక వదిలేసిన మంచి బంతులు, తప్పిన దెబ్బలు) వెనక్కి పంపడం. నో-హిట్టర్ అంటే మ్యాచ్ మొత్తంలో ఒక్క హిట్ (బ్యాటర్ బంతిని కొట్టి క్షేమంగా బేస్ చేరడం) కూడా ఇవ్వకపోవడం. పర్ఫెక్ట్ గేమ్ దానికంటే పైమెట్టు. 27 మంది బ్యాటర్లు వస్తారు, 27 మందీ ఔటవుతారు, ఒక్కరు కూడా ఫస్ట్ బేస్ (పరుగు కోసం చుట్టి రావాల్సిన నాలుగు మజిలీల్లో మొదటిది) చేరరు. ఇంకో తేడా గుర్తుంచుకోవాలి. ఇక్కడ బంతి నేల మీద పడి లేవదు. పిచ్ ఏం సాయం చేస్తుందో అన్న చర్చే లేదు. ఏ మలుపైనా గాల్లోనే తిరగాలి, అదీ 60 అడుగుల 6 అంగుళాల దూరంలోనే.

చిన్నప్పటి నుంచీ పిచరేనా?

కాదు. లఫాయెట్ హైస్కూల్లో అతని మనసంతా బాస్కెట్‌బాల్ మీదే. స్కూల్ బేస్‌బాల్ జట్టులో ఫస్ట్ బేస్ దగ్గర ఆడేవాడు. ఆ జట్టులో పేరున్న పిచర్ ఫ్రెడ్ విల్‌పాన్. ఆయనే తర్వాతి కాలంలో న్యూయార్క్ మెట్స్ జట్టు యజమాని అయ్యాడు. కోఫాక్స్ సిన్సినాటి యూనివర్సిటీలో చేరింది కూడా బాస్కెట్‌బాల్ ఆడుతూనే. అక్కడ బేస్‌బాల్ జట్టులోనూ ఆడాక స్కౌట్ల కన్ను పడింది. 1954 డిసెంబర్‌లో డాడ్జర్స్ 14,000 డాలర్ల బోనస్ ఇచ్చి తీసుకుంది.

మొదటి ఆరేళ్లు ఎందుకలా గడిచాయి?

కోఫాక్స్ కథలో అందరూ గబగబా దాటేసే భాగం ఇది. నాకైతే అన్నిటికంటే ఆసక్తికరమైనది ఇదే.

ఆ రోజుల్లో ఒక రూల్ ఉండేది. 4,000 డాలర్లకు మించి బోనస్ తీసుకున్న కుర్రాడిని రెండేళ్ల పాటు మేజర్ లీగ్ జట్టులోనే ఉంచాలి. కింది స్థాయికి పంపకూడదు. డబ్బున్న జట్లు కుర్రాళ్లందరినీ కొనేసి దాచుకోకుండా పెట్టిన రూల్ అది. కానీ దెబ్బ తిన్నది కుర్రాళ్లే. 19 ఏళ్ల కోఫాక్స్‌కు కావాల్సింది చిన్న ఊళ్లలో, చిన్న మ్యాచుల్లో వారానికోసారి బంతి వేస్తూ తప్పులు దిద్దుకునే అవకాశం. దొరికింది డాడ్జర్స్ బెంచీ. అతనికి చోటు చేయడానికి జట్టు కిందికి పంపిన ఆటగాడు టామీ లసోర్డా. ఈ లసోర్డానే తర్వాత అదే జట్టుకు 20 ఏళ్ల పాటు మేనేజర్‌గా ఉన్నాడు. తనను జట్టులోంచి తోసేయడానికి చరిత్రలోనే గొప్ప ఎడమచేతి పిచర్ కావలసి వచ్చిందని జోకులేసేవాడు.

వేగం ఉంది, అదుపు లేదు. 1955 ఆగస్టు 27న సిన్సినాటి మీద 14 స్ట్రైక్‌ఔట్లతో రెండే హిట్లిచ్చి మొదటి విజయం సాధిస్తాడు, తర్వాత వారాల తరబడి బెంచీ మీదే ఉంటాడు. ఎప్పుడో పిలుస్తారు. అప్పటికి చెయ్యి బిగుసుకుపోయి ఉంటుంది. బంతి ఎటో పోతుంది. మళ్లీ బెంచీ. 1959లో శాన్‌ఫ్రాన్సిస్కో మీద ఒకే మ్యాచ్‌లో 18 మందిని స్ట్రైక్‌ఔట్ చేశాడు. అయినా 1960 చివరికి అతని లెక్క 36 విజయాలు, 40 ఓటములు. ఆ సీజన్ ఆఖరి రోజున తన గ్లవ్స్, స్పైక్స్ చెత్తబుట్టలో పడేసి వెళ్లిపోయాడు. క్లబ్‌హౌస్ చూసుకునే నోబ్ కవానో వాటిని తీసి దాచిపెట్టి, మరుసటి ఏడాది తిరిగిచ్చాడు.

ఈ ఆరేళ్లు వృథా అని నేననను. కానీ ఆ రూల్ లేకపోతే మంచి కోఫాక్స్ రెండు మూడేళ్లు ముందే వచ్చేవాడని గట్టిగా అనిపిస్తుంది. చెయ్యి పాడయ్యేలోపు అతనికి ఉన్న సమయమే తక్కువ.

1961లో ఏం మారింది?

సీజన్‌కు ముందు జరిగే స్ప్రింగ్ ట్రైనింగ్‌లో భాగంగా ఆర్లాండోలో ఒక ప్రాక్టీస్ మ్యాచ్. కోఫాక్స్ ఎప్పటిలాగే వరసగా వాక్‌లు (గురి తప్పిన నాలుగు బంతులకు బ్యాటర్‌కు ఉచితంగా దొరికే ఫస్ట్ బేస్) ఇచ్చి బేస్‌లు నింపేశాడు. క్యాచర్ (వికెట్ కీపర్ లాంటివాడు) నార్మ్ షెర్రీ మౌండ్, అంటే పిచర్ నిలబడే మట్టిదిబ్బ, దగ్గరికి వచ్చి, అంత బలంగా విసరకు, కాస్త తగ్గించి వెయ్యి, వాళ్లను కొట్టనీ అన్నాడు. తగ్గించి వేశాడు. విచిత్రమేమంటే బంతి అంతకుముందు కంటే వేగంగానే వెళ్లినట్టు షెర్రీకి అనిపించింది. బిగపట్టిన ఒళ్లు వదులైతే చెయ్యి స్వేచ్ఛగా తిరుగుతుంది మరి. ఆ రోజు ఏడు ఇన్నింగ్స్‌లో ఒక్క హిట్ ఇవ్వలేదు.

ఆ ఒక్క మాటతోనే అంతా మారిపోయిందని కథలా చెబుతారు. అంత సులువేం కాదు. అప్పటికే విసిరే తీరులో మార్పుల మీద పిచింగ్ కోచ్ జో బెకర్‌తో పని చేస్తున్నాడు. పైగా క్రమం తప్పకుండా మ్యాచ్‌లు దొరకడం మొదలైంది. ఆ ఏడాది 18 విజయాలు, 269 స్ట్రైక్‌ఔట్లు. నేషనల్ లీగ్‌లో క్రిస్టీ మాథ్యూసన్ పేరున 1903 నుంచి ఉన్న 267 రికార్డు పోయింది.

అతని బంతిలో అంత ప్రత్యేకత ఏమిటి?

ప్రధానంగా రెండే ఆయుధాలు: ఫాస్ట్‌బాల్, కర్వ్‌బాల్. చెయ్యి చెవి పక్కనుంచి నిటారుగా పైకి లేచి కిందికి వచ్చేది. వేళ్లు బాగా పొడవు. ఆ వేళ్లు బంతికిచ్చే స్పిన్ వల్ల ఫాస్ట్‌బాల్ బ్యాటర్ అనుకున్నంత కిందికి దిగేది కాదు, పైకి లేస్తున్నట్టు కనిపించేది. కర్వ్ దానికి పూర్తిగా ఎదురు. కళ్ల ఎత్తులో మొదలై మోకాళ్ల దగ్గరికి కూలిపోయేది. రెండూ ఒకే చోటినుంచి, ఒకే తీరున వస్తే బ్యాటర్ ఏ ఎత్తులో బ్యాటు తిప్పాలి?

నిజానికి పూర్తిగా ఒకే తీరున కూడా వచ్చేవి కావు. చేతులు పెట్టే పద్ధతిని బట్టి ఏ బంతి వస్తుందో చాలామంది బ్యాటర్లు ముందే పసిగట్టేవారు. తెలిసినా కొట్టలేకపోయేవారు. పిట్స్‌బర్గ్ ఆటగాడు విల్లీ స్టార్జెల్ అయితే కోఫాక్స్ బంతిని కొట్టడమంటే ఫోర్కుతో కాఫీ తాగడమే అన్నాడు.

ఆ పర్ఫెక్ట్ గేమ్ గురించి చెప్పండి

1965 సెప్టెంబర్ 9, డాడ్జర్ స్టేడియం, ప్రత్యర్థి చికాగో కబ్స్. కబ్స్ తరఫున బంతి వేసింది బాబ్ హెండ్లీ, అతనూ ఎడమచేతి వాటమే. అతన్ని తలచుకోకుండా ఈ మ్యాచ్ గురించి చెప్పడం అన్యాయం. హెండ్లీ ఆ రోజు ఇచ్చింది ఒకే ఒక్క హిట్. ఆ హిట్ వల్ల పరుగు కూడా రాలేదు.

మరి పరుగెలా వచ్చిందంటే, ఐదో ఇన్నింగ్స్‌లో లూ జాన్సన్ వాక్ మీద ఫస్ట్ బేస్‌కు వెళ్లాడు. తోటి బ్యాటర్ మెల్లగా తాకించిన బంతి (బంట్) సాయంతో సెకండ్ చేరాడు. అక్కడినుంచి థర్డ్ బేస్ దొంగిలించబోతే, అంటే బ్యాటర్ కొట్టకుండానే పరుగెత్తబోతే, క్యాచర్ క్రిస్ క్రుగ్ విసిరిన బంతి గురి తప్పి ఔట్‌ఫీల్డ్‌లోకి పోయింది. జాన్సన్ హోమ్ బేస్‌కు వచ్చేశాడు. అంతే, 1-0. రెండు జట్లకూ కలిపి మ్యాచ్ మొత్తంలో ఒక్క హిట్. ఆ హిట్టూ జాన్సన్‌దే, ఏడో ఇన్నింగ్స్‌లో. మేజర్ లీగ్‌లో ఇంత తక్కువ హిట్లతో ముగిసిన తొమ్మిది ఇన్నింగ్స్ మ్యాచ్ ఇంకోటి లేదు.

కోఫాక్స్ 14 మందిని స్ట్రైక్‌ఔట్ చేశాడు, అందులో చివరి ఆరుగురూ వరసగా. ఆఖరి బ్యాటర్ హార్వీ క్యూన్. పాపం ఈ క్యూనే 1963లో శాన్‌ఫ్రాన్సిస్కో మీద కోఫాక్స్ వేసిన నో-హిట్టర్‌లో కూడా ఆఖరి ఔట్. రేడియోలో కామెంటేటర్ విన్ స్కల్లీ తొమ్మిదో ఇన్నింగ్స్ చెబుతూ మధ్యమధ్యలో గడియారం చూసి టైమ్ కూడా చెప్పాడు. ఆఖరి ఔట్ రాత్రి 9:46కి పడింది. ఆ రికార్డింగ్ దొరికితే వినండి. బేస్‌బాల్ ఏమీ తెలియకపోయినా టెన్షన్ పట్టుకుంటుంది.

ఇది అతని నాలుగో నో-హిట్టర్, వరసగా నాలుగో ఏడాది కూడా. అప్పటిదాకా ఎవరూ నాలుగు వేయలేదు. కొసమెరుపు ఏమిటంటే, ఐదు రోజుల తర్వాత చికాగోలో మళ్లీ వీళ్లిద్దరే ఎదురుపడ్డారు. ఈసారి హెండ్లీ 2-1తో గెలిచాడు.

వరల్డ్ సిరీస్ మ్యాచ్ వదులుకున్నాడంటారు, నిజమేనా?

నిజమే. 1965 వరల్డ్ సిరీస్ మొదటి మ్యాచ్ అక్టోబర్ 6న మిన్నెసోటాలో. ఆ రోజే యోమ్ కిప్పూర్, యూదులకు ఏడాదిలో అతి పవిత్రమైన రోజు, ఉపవాసం ఉండి ప్రాయశ్చిత్తం చేసుకునే రోజు. కోఫాక్స్ యూదుడు. మరీ నిష్ఠగా ఆచారాలు పాటించే మనిషేం కాదు, కానీ ఆ రోజు ఆడనన్నాడు. 1934లో డెట్రాయిట్ ఆటగాడు హ్యాంక్ గ్రీన్‌బర్గ్ కూడా ఇదే పని చేశాడు. అయితే ఇది వరల్డ్ సిరీస్. దేశమంతా చూస్తుంది.

అతని బదులు జట్టులోని మరో పిచర్ డాన్ డ్రైస్‌డేల్ వేసి 8-2తో ఓడాడు. తనను బయటికి పిలవడానికి వచ్చిన మేనేజర్ వాల్టర్ ఆల్‌స్టన్‌తో, నేను కూడా యూదుణ్నయితే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తోంది కదూ అన్నాడట. మరుసటి రోజు కోఫాక్స్ కూడా ఓడాడు. ఐదో మ్యాచ్‌లో ఒక్క పరుగు ఇవ్వకుండా గెలిపించాడు. ఏడో మ్యాచ్ దగ్గర అసలు పరీక్ష వచ్చింది. రెండు రోజుల విశ్రాంతి మాత్రమే. చెయ్యి నొప్పి. కర్వ్‌బాల్ ఆ రోజు పనిచేయలేదు, దాన్ని పక్కన పెట్టి దాదాపు ఫాస్ట్‌బాల్ మీదే నెట్టుకొచ్చాడు. మూడు హిట్లు, పది స్ట్రైక్‌ఔట్లు, 2-0.

అమెరికాలోని యూదు కుటుంబాల్లో ఆ నిర్ణయం గురించి నేటికీ చెప్పుకుంటారు. కోఫాక్స్ మాత్రం ఎప్పుడూ దాన్ని పెద్ద త్యాగంలా చెప్పుకోలేదు.

మోచేతికి ఏమైంది? 30 ఏళ్లకే ఎందుకు మానేశాడు?

ఎడమ చేతికి మొదటి హెచ్చరిక 1962లో వచ్చింది. అరచేతిలో రక్తనాళం దెబ్బతిని చూపుడువేలికి రక్తం సరిగా అందలేదు. జూలై మధ్యలో ఆగిపోయి, సెప్టెంబర్ దాకా ఆడలేకపోయాడు. 1964 ఆగస్టులో మిల్వాకీలో సెకండ్ బేస్‌కు వెనక్కి డైవ్ చేసినప్పుడు మోచెయ్యి నేలకు తగిలింది. కొన్ని రోజులకు అది వాచి కదలకుండా పోయింది. డాక్టర్ రాబర్ట్ కెర్లన్ పరీక్షించి కీళ్లవాతం అన్నాడు. తగ్గేది కాదు, ఆడేకొద్దీ పెరిగేది.

ఆ తర్వాత రెండు సీజన్లు ఎలా ఆడాడో తెలిస్తే ఆ అంకెలు వేరేగా కనిపిస్తాయి. మోచేతిలోకి కార్టిజోన్ ఇంజెక్షన్లు. వాపుకు బ్యుటాజోలిడిన్ మాత్రలు, అవి గుర్రాలకు కూడా వాడేవి. మ్యాచ్‌కు ముందు కాప్సోలిన్ అనే మలాము. అది మిరపకాయ సారంతో చేసినది, కాబట్టి ఒళ్లంతా పట్టిస్తే ఎలా ఉంటుందో తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మ్యాచ్ అయ్యాక చెయ్యి ఐస్ నీళ్లలో. చెయ్యి పూర్తిగా చాపలేని స్థితి వచ్చి, కోటు ఎడమ చేతిని పొట్టిగా కుట్టించుకోవాల్సి వచ్చింది.

ఆ చేతితోనే 1965లో 26 విజయాలు, 382 స్ట్రైక్‌ఔట్లు. 1966లో 27 విజయాలు, 323 ఇన్నింగ్స్, మొదలుపెట్టిన 41 మ్యాచుల్లో 27 తనే పూర్తి చేశాడు. ఆ సీజన్ చివరి రోజున ఫిలడెల్ఫియాలో రెండు రోజుల విశ్రాంతితో పూర్తి మ్యాచ్ వేసి జట్టును వరల్డ్ సిరీస్‌కు చేర్చాడు. నవంబర్ 18న లాస్ ఏంజెలిస్ దగ్గర ఒక హోటల్లో విలేకరులను పిలిచి ఇక ఆడనన్నాడు. బేస్‌బాల్ తర్వాత కూడా చాలా ఏళ్లు బతకాలి, ఒళ్లు పూర్తిగా పనిచేస్తూ బతకాలన్నది అతను చెప్పిన కారణం. గొప్ప ఫామ్‌లో ఉండి తప్పుకున్నాడని చాలామంది అబ్బురపడతారు. నాకు మాత్రం మందులు, ఇంజెక్షన్ల లెక్క చూస్తే ఆ నిర్ణయం ఇంకాస్త ముందే తీసుకోవాల్సిందనిపిస్తుంది.

జీతం కోసం సమ్మె చేశాడంటారు?

సమ్మె కాదు, ఇద్దరు మనుషుల పట్టు. అప్పట్లో ఆటగాడు జట్టు మారడానికి వీల్లేదు. యజమాని ఇచ్చింది తీసుకోవాలి, లేదా ఇంట్లో కూర్చోవాలి. 1966 ఆరంభంలో కోఫాక్స్, డ్రైస్‌డేల్ ఒక విషయం గమనించారు. జట్టు జనరల్ మేనేజర్ బజీ బవాసీ ఒకరి దగ్గర ఇంకొకరి పేరు చెప్పి ఇద్దరి జీతాలూ తక్కువలో ముగించాలని చూస్తున్నాడు. దాంతో ఇద్దరూ కలిసిపోయారు. మూడేళ్లకు ఇద్దరికీ కలిపి పది లక్షల డాలర్లు అడిగారు. బేరమాడటానికి లాయర్‌ను పెట్టుకున్నారు, అది ఆ రోజుల్లో పెద్ద సాహసమే. 32 రోజులు ట్రైనింగ్‌కు రాలేదు. చివరికి ఒక్క ఏడాదికి కోఫాక్స్‌కు 1,25,000, డ్రైస్‌డేల్‌కు 1,10,000 డాలర్ల దగ్గర ఒప్పందం కుదిరింది.

అడిగినంత రాలేదు, నిజమే. కానీ కలిసి నిలబడితే యాజమాన్యం దిగివస్తుందని మిగతా ఆటగాళ్లు చూశారు. అదే ఏడాది మార్విన్ మిల్లర్ ఆటగాళ్ల సంఘానికి నాయకుడయ్యాడు. 1975 చివర్లో ఫ్రీ ఏజెన్సీకి, అంటే ఒప్పందం ముగిశాక ఆటగాడు నచ్చిన జట్టుకు వెళ్లే హక్కుకు, దారి తెరుచుకుంది.

ఆ కాలం మొత్తం పిచర్లకే అనుకూలం కదా?

అవును, ఈ వాదనలో బలం ఉంది. 1963 నుంచి స్ట్రైక్ జోన్ (బంతి వెళ్తే స్ట్రైక్‌గా లెక్కించే ప్రాంతం) పెంచారు. మౌండ్ ఎత్తు 15 అంగుళాలు ఉండేది, 1969లోనే పదికి తగ్గించారు. 1962లో తెరిచిన డాడ్జర్ స్టేడియం పరుగులు రాని మైదానం. అక్కడ కోఫాక్స్ ఈఆర్‌ఏ 1.37. బయటి మైదానాల్లో అంత గొప్పగా లేదు. కాబట్టి 1.73 లాంటి అంకెను నేటి పిచర్ పక్కన నేరుగా పెట్టి చూడకూడదు.

కానీ అదే కాలంలో, అదే మౌండ్ మీద మిగతావాళ్లూ వేశారు కదా. 1962 నుంచి 1966 దాకా వరసగా ఐదేళ్లు నేషనల్ లీగ్‌లో అతి తక్కువ ఈఆర్‌ఏ ఇతనిదే. వరల్డ్ సిరీస్‌లో మొత్తం 57 ఇన్నింగ్స్ వేసి, ఈఆర్‌ఏ 0.95 దగ్గర ఉంచాడు. అయినా నాలుగు గెలిచి మూడు ఓడాడు. ఓడిన మూడింట్లో డాడ్జర్స్ చేసిన పరుగులు మొత్తం కలిపి ఒకటి!

టామీ జాన్ సర్జరీ అప్పుడే ఉండుంటే?

డాక్టర్ ఫ్రాంక్ జోబ్ ఆ ఆపరేషన్ మొదటిసారి చేసింది 1974లో, అదీ డాడ్జర్స్ ఎడమచేతి పిచర్ టామీ జాన్‌కే. కోఫాక్స్ మానేసిన ఎనిమిదేళ్లకు. జోబ్, కెర్లన్ ఇద్దరూ ఒకే క్లినిక్ భాగస్వాములు. కానీ ఆ ఆపరేషన్ మోచేతిలో తెగిన లిగమెంట్‌ను సరిచేస్తుంది, అరిగిన కీలును కాదు. కాబట్టి అప్పుడే ఉండుంటే ఇంకో పదేళ్లు ఆడేవాడని తేలిగ్గా అనేయలేం.

అందరికంటే గొప్ప ఎడమచేతి పిచర్ ఇతనేనా?

ఎక్కువ విజయాలు కావాలంటే వారెన్ స్పాన్, 363. ఎక్కువ స్ట్రైక్‌ఔట్లు కావాలంటే రాండీ జాన్సన్, 4,875. లెఫ్టీ గ్రోవ్ తొమ్మిదిసార్లు ఈఆర్‌ఏలో లీగ్‌లోనే మొదటివాడు. మొత్తం కెరీర్ తూకం వేస్తే నా ఓటు గ్రోవ్‌కో జాన్సన్‌కో పడుతుంది, కోఫాక్స్‌కు కాదు. వరసగా నాలుగైదేళ్లు తీసుకుంటే మాత్రం వాదన మొదలవుతుంది.

క్లేటన్ కెర్షాతో ఎందుకు పోలుస్తారు?

అదే జట్టు, అదే ఎడమ చెయ్యి, అదే నిలువునా పడే కర్వ్, అవే మూడు సై యంగ్ అవార్డులు. కెర్షా మాత్రం 2008 నుంచి 2025 దాకా 18 సీజన్లు ఆడి 3,000 స్ట్రైక్‌ఔట్లు దాటాడు. ఇద్దరి మధ్య 52 ఏళ్ల తేడా ఉన్నా మంచి స్నేహం. 2025 వరల్డ్ సిరీస్‌లో టొరంటోతో మూడో మ్యాచ్ 18 ఇన్నింగ్స్ సాగింది. 12వ ఇన్నింగ్స్‌లో బేస్‌లన్నీ నిండి ఉండగా కెర్షా వచ్చి ఒక్క ఔట్ తీసి గండం గట్టెక్కించాడు. 89 ఏళ్ల కోఫాక్స్ ఆ రాత్రి స్టేడియంలోనే ఉన్నాడు.

రిటైరయ్యాక ఏం చేశాడు?

ఎన్‌బీసీ టీవీతో పదేళ్ల కామెంటరీ ఒప్పందం చేసుకుని, నచ్చక ఆరేళ్లకే మానేశాడు. 1979 నుంచి 1990 దాకా డాడ్జర్స్ కింది స్థాయి జట్లకు పిచింగ్ కోచ్. 1972లో, 36 ఏళ్లకే హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎన్నికయ్యాడు. అంత చిన్న వయసులో ఎన్నికైనవాళ్లు ఇంకెవరూ లేరు. అదే ఏడాది జూన్ 4న జాకీ రాబిన్‌సన్ 42, రాయ్ క్యాంపనెల్లా 39తో పాటు అతని 32వ నంబర్‌ను కూడా జట్టు ఇంకెవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టింది. విగ్రహం 2022లో పెట్టారు. ఇంటర్వ్యూలు పెద్దగా ఇవ్వడు కాబట్టి ఏకాంతవాసి అని ముద్ర వేశారు కానీ, స్ప్రింగ్ ట్రైనింగ్‌లో కుర్ర పిచర్లతో గంటల తరబడి మాట్లాడే మనిషిని అలా అనడం సరికాదు.

బ్యాటింగ్ ఎలా చేసేవాడు?

ఘోరంగా. విసిరేది ఎడమ చేత్తో, బ్యాటింగ్ కుడివైపు నుంచి. సగటు .097, అంటే పదిసార్లకు ఒక్క హిట్ కూడా లేదు. 12 ఏళ్లలో రెండే హోమ్ రన్లు. కానీ మొదటిది ఎవరి మీదో తెలుసా? వారెన్ స్పాన్ మీద, 1962 జూన్‌లో మిల్వాకీలో. డాడ్జర్స్ ఆ మ్యాచ్ 2-1తో గెలిచింది.